ఇంటి గుట్టు మీద నవల రాయాలంటే: గుట్టు కన్నా దాన్ని దాచే పని ముఖ్యం

ఫ్యామిలీ సీక్రెట్ మీద నవల రాద్దామని కూర్చున్నవాళ్ళు ఎవరైనా ముందు ఆ సీక్రెట్ ఏంటో తేల్చుకుందామని చూస్తారు, అంటే ఎవరు ఎవరి కొడుకు, ఆస్తి కాగితాల మీద దొంగ సంతకం ఎవరిది, ఆ రాత్రి అసలేం జరిగింది, ఇలాంటివి. నేనూ అదే చేశా. నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ట్విస్ట్ పట్టుకుని, దాన్ని తీసుకెళ్ళి చివరి చాప్టర్లో పెట్టి, ముందున్న 300 పేజీలు దాని కోసం ఎదురుచూపులతో నింపేశా. ఫ్రెండ్‌కి చదవమని ఇస్తే 40వ పేజీలోనే కనిపెట్టేసింది. అది పెద్ద బాధ కాదు గానీ, పేజీలు పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగింది, "అది సరేనోయ్, ఇన్నేళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ వీళ్ళు ఎలా దాచారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను దాని గురించి ఒక్క పేజీ కూడా రాయలేదు.

ఆ ప్రశ్నకి జవాబే నవల అని నాకు అర్థమవడానికి ఇంకో ఏడాది పట్టింది. గుట్టు అనేది ఒక్క వాక్యం, ఎవరికైనా ఫోన్లో చెప్పేయొచ్చు. దాన్ని దాచడానికి ఒక ఇంట్లో రోజూ జరిగే పని, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏ మాట రాగానే ఎవరు లేచి వెళ్ళాలి, ఏ ఆల్బమ్ బయటికి తీయకూడదు, ఏ సంవత్సరం గురించి మాట్లాడకూడదు, ఇదీ రాయాల్సింది. కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా ఆ పని ఎలా పట్టుకోవాలో, పేజీ మీద ఎలా పెట్టాలో. ట్విస్ట్ ఎలా కనిపెట్టాలి అని చూసేవాళ్ళకి ఇందులో పెద్దగా ఏం దొరకదు, ముందే చెప్తున్నా.

మాటల్లో చెప్తే గాల్లో ఉంటుంది కాబట్టి ఒక ఇల్లు తీసుకుందాం. అమ్మ, నాన్న, కూతురు, చిన్న కొడుకు. అమ్మకి ఒక అక్క, అంటే పిల్లలకి పెద్దమ్మ. పెద్దమ్మకి ఒకే కొడుకు, వీళ్ళు "అన్నయ్య" అని పిలుస్తారు. గుట్టు ఏంటంటే అన్నయ్య పెద్దమ్మ కన్న కొడుకు కాదు, అమ్మకి పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డ, అక్క తన కొడుకుగా పెంచుకుంది. అంతే. చాలా పాత ప్లాటే, ఇందులో కొత్తేం లేదు, కావాలనే పాతది తీసుకున్నా, గుట్టు పాతదైనా దాచే తీరు కొత్తగా ఉంటే చాలు అని చూపించడానికి.

ఒక చిన్న గమ్మత్తు చూడండి. పెద్దమ్మ కొడుకుని మనం ఎలాగూ అన్నయ్యే అంటాం. గుట్టు బయటపడ్డాక కూడా ఆ కూతురు అతన్ని అన్నయ్యే అంటుంది. పిలుపు మారదు, దాని కింద ఉన్నదంతా మారిపోతుంది. అదే అతని వైపు నుంచి చూస్తే పుట్టినప్పటి నుంచి పిన్ని అని పిలిచిన మనిషిని ఇప్పుడు ఏమని పిలవాలి, అమ్మా అని పిలిచిన మనిషిని ఏమని పిలవాలి? తెలుగులో రాసేవాళ్ళకి ఇలాంటివి ఊరికే దొరుకుతాయి, మన వరసలు అట్లా కట్టి ఉన్నాయి. మీ గుట్టు ఏదైనా సరే, అది ఏ పిలుపుని కదిలిస్తుంది, ఏ పిలుపుని కదిలించదు అని ముందు ఒక కాగితం మీద రాసుకోండి. నాకైతే సగం సీన్లు ఆ కాగితంలోంచే వచ్చాయి.

ముందు ఎవరికి ఎంత తెలుసో తేల్చండి

తెలుసు, తెలియదు అని రెండే గళ్ళు పెట్టుకుంటే నవల రెండు రంగుల్లో ఉంటుంది. నిజంగా ఇళ్ళల్లో అలా ఉండదు కదా. కొందరికి తెలుసు, కొందరికి అనుమానం, కొందరికి తెలిసినా తెలియనట్టు ఉంటారు, కొందరికి సగమే తెలుసు గానీ మొత్తం తెలుసనుకుంటారు. వీటన్నిటికన్నా నాకు ఇష్టమైంది ఇంకోటుంది, తనకి తెలుసన్న సంగతి ఎదుటివాళ్ళకి తెలియకుండా బతికేవాళ్ళు. మన ఇంట్లో నాన్న అలాంటివాడు అనుకుందాం. పెళ్ళైన రెండో ఏడే ఆయనకి ఎవరో చెప్పేశారు. ఆయన భార్యని అడగలేదు. ఆవిడ 30 ఏళ్ళకి పైగా ఆయన దగ్గర దాస్తూనే ఉంది, ఆయన తనకి తెలుసన్న సంగతి ఆవిడ దగ్గర దాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లో గుట్లు రెండయ్యాయి, రెండోది మొదటిదానికన్నా బరువైంది. నన్నడిగితే అసలు నవల వీళ్ళిద్దరిదే.

పేజీ అడ్డంగా తిప్పి గళ్ళు గీయండి. మనిషి, తనకి ఏం తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు, ఎవరి నోటి నుంచి తెలుసు, ఇంకెవరికి తెలుసని అనుకుంటున్నాడు, బయటపడితే తనకి పోయేదేంటి. ఆ చివరి గడి నింపేటప్పుడు "పరువు" అని రాసి వదిలేయకండి, పరువు అనేది అందరికీ పోతుంది, దాంతో సీన్ పుట్టదు. పెద్దమ్మకి పోయేది పరువు కాదు, కొడుకు. బయటపడితే వాడు నాకేమవుతాడు అన్న భయం ఆవిడది. అమ్మ భయం వేరే, పెద్దమ్మ దగ్గర తను ఎప్పటికీ తీర్చలేని అప్పు ఉందనీ, నోరు విప్పితే ఆ అప్పు ఎగ్గొట్టినట్టనీ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గుట్టు దాస్తున్నారు, కానీ ఇద్దరూ దాస్తున్న కారణాలు ఒకటి కాదు, ఈ తేడా పట్టుకుంటే వాళ్ళిద్దరూ మాట్లాడుకునే ప్రతి మాటా, ఆఖరికి ఫోన్ పెట్టేసే తీరు కూడా దానంతటదే మారిపోతుంది.

ఇంకో సంగతి, అప్పుడు దాచిన కారణం వేరు, ఇప్పుడు ఇంకా దాస్తున్న కారణం వేరు అయి ఉండాలి. అప్పట్లో భయపడ్డ పెద్దవాళ్ళు పోయారు, తప్పుపట్టే చుట్టాలు చాలామంది పోయారు, మరి ఇప్పుడెందుకు చెప్పరు? చాలా డ్రాఫ్టులు ఇక్కడే చతికిలబడతాయి. నేను చూసినంతలో నమ్మించే జవాబు ఎప్పుడూ ఒక్కటే, ఇన్నేళ్ళు దాచాం అన్నదే ఇప్పుడు దాచాల్సిన అసలు విషయం అయిపోతుంది. తప్పు కన్నా అబద్ధం వయసు ఎక్కువ బాధపెడుతుంది.

ఫ్యామిలీ థెరపీ చేసేవాళ్ళు జీనోగ్రామ్ అని ఒక బొమ్మ గీస్తారు, వంశవృక్షం లాంటిదే, మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి వృత్తం, చనిపోతే లోపల ఇంటూ గుర్తు, కానీ అసలు విషయం మనుషుల మధ్య గీతల్లో ఉంటుంది, ఎవరికి ఎవరితో గొడవ ఉంటే వంకర గీత, మరీ అతుక్కుపోయి ఉంటే మూడు గీతలు, మాటలు లేకపోతే తెగిన గీత. 1985లో మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్ రాసిన పుస్తకంతో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. రచయితలకి ఇది బంగారం. నేను గీసుకున్నప్పుడు అమ్మ నుంచి అన్నయ్యకి ఏ గీతా గీయలేకపోయా, ప్రేమా కాదు గొడవా కాదు, చుట్టం అంటే చుట్టం అంతే. అప్పుడర్థమైంది, ఆవిడ 38 ఏళ్ళుగా ఆ గీత పడకుండా చూసుకుంటోంది. వాడు ఇంటికొస్తే పని ఉందని వంటింట్లోకి వెళ్ళిపోతుంది, వాడి పుట్టినరోజుకి నాన్న చేత ఫోన్ చేయిస్తుంది తప్ప తను చేయదు. వాడు మాత్రం పిన్నికి నేనంటే పడదు అనుకుంటూ పెరిగాడు.

అదే థెరపీ లోకంలో మర్రే బోవెన్ అనే సైకియాట్రిస్ట్ చెప్పిన ఇంకో మాట ఉంది, ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే వాళ్ళు మూడోవాళ్ళని మధ్యలోకి లాగుతారు, త్రికోణం అన్నమాట. మీ ఇంట్లో ఆ మూడో మనిషి ఎవరో చూసుకోండి. చాలాసార్లు ఏమీ తెలియని పిల్లలే. మన ఇంట్లో చిన్న కొడుకు, అమ్మానాన్నలు ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకోవాల్సినవన్నీ వాడి చదువు మీదో ఉద్యోగం మీదో అరుచుకుంటారు, వాడేమో తన వల్లే ఇంట్లో గొడవలు అని 30 ఏళ్ళొచ్చినా నమ్ముతుంటాడు.

లెక్కలు, లెక్కలు

ఇది బోర్ కొట్టే భాగం, తొందరగా చెప్పేస్తా. ప్రతి ఒక్కరి పుట్టిన సంవత్సరం రాసి గోడకి అతికించండి. నా ఇంట్లో అమ్మ 1966, పెద్దమ్మ 1960, అన్నయ్య 1986, అమ్మ పెళ్ళి 1989, కూతురు 1991, కొడుకు 1994, కథ జరిగేది 2024. ఇది రాసుకోకముందు ఒక డ్రాఫ్ట్‌లో అన్నయ్య పుట్టేటప్పటికి అమ్మకి 14 ఏళ్ళు వచ్చాయి, అప్పుడు కథ పూర్తిగా వేరే కథ అయిపోతుంది, ఇంకా దారుణమైన కథ, నేను రాయాలనుకోనిది. అలాగే ఆ కడుపు ఎక్కడ దాచారు, పెద్దమ్మకి కడుపు లేదన్న సంగతి ఇరుగుపొరుగుకి ఎందుకు తెలియలేదు (ట్రాన్స్‌ఫర్ మీద కొత్త ఊరు వెళ్ళారు, అంతే), జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఎవరిది, ఇవన్నీ నవల్లో చెప్పకపోయినా మీకు తెలిసి ఉండాలి. దత్తత, వారసత్వం చట్టాలు దేశానికొక రకం, మతానికొక రకం కూడా ఉంటాయి కాబట్టి ఆస్తి తగాదా పెడితే మాత్రం ఒక లాయర్‌ని అడిగి రాయండి, సినిమాలు చూసి రాయొద్దు.

పాఠకుడికి ఎప్పుడు చెప్పాలి

అందరూ చివర్లో అంటారు. నేనైతే ముందే చెప్పేయండి అంటా, కనీసం ఆ ఆప్షన్ ఉందని గుర్తుపెట్టుకోండి. మనకి దీనికన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు, మహాభారతంలో కర్ణుడు ఎవరి కొడుకో వినేవాళ్ళకి మొదటి నుంచీ తెలుసు. అయినా కుమారుల విద్యా ప్రదర్శనలో కర్ణుడు రంగం మీదకి వచ్చినప్పుడు కుంతి మూర్ఛపోయే చోట మన గుండె జారుతుంది. అక్కడున్నవాళ్ళకి ఆవిడ ఎందుకు పడిపోయిందో తెలియదు, మనకి తెలుసు, అందుకే ఆ సీన్ పనిచేస్తుంది. తర్వాత ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి చెప్తాడు, ఆ తర్వాత కుంతి తనే వెళ్ళి చెప్తుంది, కానీ పాండవులకి మాత్రం యుద్ధమంతా అయిపోయి తర్పణాలు వదిలేటప్పుడు తెలుస్తుంది. ఒకే గుట్టు, ఒక్కొక్కరికీ ఒక్కో టైమ్‌లో, ఒక్కో ఖరీదుతో. ధర్మరాజుకి తెలిసేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు కాబట్టి కోపం ఆడవాళ్ళందరి మీదకీ తిప్పి, వాళ్ళ మనసులో రహస్యం దాగకూడదని శపించాడు. నోట్లో నువ్వుగింజ నానదు అన్న సామెతకి మనవాళ్ళు ఈ కథే చెప్తారు. నాకెప్పుడూ నవ్వొచ్చేది ఏంటంటే, అన్నేళ్ళు నోరు విప్పకుండా దాచిన ఆవిడ వల్ల దాచలేరు అనే పేరొచ్చింది.

సో, మూడు దారులు. పాఠకుడికి ముందే తెలుసు, పాత్రలకి తెలియదు, అప్పుడు భయం పుడుతుంది. పాఠకుడూ ఒక పాత్రా కలిసి వెతుకుతారు, అప్పుడు కుతూహలం. పాత్రకి తెలుసు, మనకి చెప్పదు, అప్పుడు ఆశ్చర్యం. మూడోది చాలా డేంజర్. ఫస్ట్ పర్సన్‌లో కథ చెప్పే మనిషి తన మనసులోకి మనల్ని రానిచ్చి, ఆ ఒక్క విషయం మాత్రం 200 పేజీలు దాచాడంటే చదివేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, ఆ మనిషి అది తనక్కూడా చెప్పుకోలేని స్థితిలో ఉన్నాడని నమ్మించగలిగితే తప్ప.

దగ్గర్నుంచి ఒక సీన్

నా పాత డ్రాఫ్ట్‌లో కూతురికి అనుమానం ఎలా వచ్చిందంటే, అటక మీద పాత పెట్టె, పెట్టెలో ఉత్తరాల కట్ట, రాసింది ఎవరో కాదు... మీరు ఇప్పటికే ఆవులించి ఉంటారు. అరిస్టాటిల్ దాదాపు 2,300 ఏళ్ళ కిందటే అన్నాడు, గుర్తుల ద్వారా, అంటే మచ్చలు, మెడలో గొలుసులు లాంటి వాటి ద్వారా గుర్తుపట్టించడం అన్నిటికన్నా తక్కువ రకం పని అనీ, జరిగే సంఘటనల్లోంచే బయటపడేది గొప్పదనీ. మన సినిమాల పుట్టుమచ్చలూ లాకెట్లూ ఆయన చూసుంటే ఏమనేవాడో.

కొత్త డ్రాఫ్ట్‌లో అది ఇలా మారింది. అమ్మకి 58 ఏళ్ళు, గర్భసంచి తీసే ఆపరేషన్, కూతురు తోడుగా ఉంది. డాక్టర్ ఎంతమంది పిల్లలు అంటే ఇద్దరు అంది అమ్మ, టక్కున. డాక్టర్ వెళ్ళాక నర్స్ ఫైల్ రాసుకుంటూ అడిగింది.

"కాన్పులు ఎన్నమ్మా?"

అమ్మ కూతురి వైపు చూసింది. "వాటర్ బాటిల్ అయిపోయిందే, కాస్త తెచ్చిపెట్టు."

బాటిల్ సగానికి పైగా ఉంది. కూతురు దాని వైపు చూసి, ఏమీ అనకుండా తీసుకుని వెళ్ళింది.

అంతే సీన్. సంగీతం లేదు, ఉరుము లేదు. నాలుగు రోజుల తర్వాత డిశ్చార్జ్ కాగితాల్లో కూతురికి "జి3 పి3" అని కనిపిస్తుంది, ఫోన్లో వెతికితే మూడుసార్లు గర్భం, మూడు కాన్పులు అని అర్థం. అమ్మ కూతురి దగ్గర దాచింది గానీ, మత్తు ఇచ్చి కోసేవాళ్ళ దగ్గర దాచలేదు, ఎందుకంటే అక్కడ ప్రాణంతో పని. ఇలాంటి చోట్లు వెతకండి, అబద్ధం ఆడటం కుదరని చోట్లు. ఆసుపత్రి ఫారాలు, ఇన్సూరెన్స్ ఫారాలు, వీసా ఫారాలు, బ్యాంక్ నామినీ గడులు. ఈ రోజుల్లో మనిషి దేవుడికన్నా ఫారానికి ఎక్కువ నిజం చెప్తాడు.

ఇక్కడ ఇంకో పని చేయండి, దీనికి నేను ఎంత చెప్పినా తక్కువే. దొరికిన క్లూ తప్పు సమాధానానికి తీసుకెళ్ళాలి. కూతురు ఏమనుకుంటుంది? అన్నయ్య అని అనుకోదు, తమకన్నా ముందు పుట్టి పోయిన బిడ్డ ఎవరో ఉన్నారు అనుకుంటుంది. అమ్మ మీద జాలి పడుతుంది. ఒక రాత్రి పక్కన పడుకుని మెల్లగా అడుగుతుంది, "పాపా, బాబా?" అమ్మ చాలాసేపు ఊరుకుని "బాబు" అంటుంది. "ఎన్నాళ్ళున్నాడు?" అంటే "మూడు రోజులు" అంటుంది. రెండోదీ నిజమే, బిడ్డ తన దగ్గర ఉన్నది మూడు రోజులే. కూతురు ఏడుస్తుంది, అమ్మ ఆ ఏడుపుని ఓదారుస్తుంది, బతికున్న కొడుకుని పోయినవాడిగా ఒప్పుకున్నట్టైంది, నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడకుండా. ఇది రాసిన రోజు నాకు మొదటిసారి ఈ నవల అవుతుందేమో అనిపించింది. పాఠకుడికి సగం నిజం ఇచ్చి దాంతో తృప్తిపడనిస్తే, అసలు నిజం వచ్చినప్పుడు ఆ పాత ఓదార్పు కూడా విరిగిపోతుంది.

ఫోన్ ఉన్న కాలం

ఇప్పటి కథ అంటే ఫోన్ ఉంటుంది, ఫోన్ ఉంటే గుట్టు ఎక్కువ కాలం ఆగదు, అందుకే చాలామంది కథని ఫోన్లు లేని కాలానికి తోసేస్తారు లేదా సిగ్నల్ లేదంటారు. అక్కర్లేదు. ఫోన్ మీద దాచే పనిని చూపించండి. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా మెసేజ్ తీసేసినా, తీసేశారన్న గుర్తు అక్కడే ఉండిపోతుంది. ఫ్యామిలీ గ్రూప్‌లో తెల్లారి 5:40కి పెద్దమ్మ పెట్టి తీసేసిన మెసేజ్, ఎవరూ ఏం పెట్టావు అని అడగరు, అరగంట తర్వాత నాన్న గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మ పెడతాడు. ఆ పువ్వే దాచే పని.

డీఎన్ఏ టెస్టులు ఇప్పుడు ఇంటికే వస్తున్నాయి, ఉమ్మితే చాలు, బోలెడు నవలలు దాంతోనే గుట్టు విప్పుతున్నాయి. వాడుకోండి, కానీ లెక్క తప్పొద్దు. సొంత అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ మధ్య సుమారు 50 శాతం కలుస్తుంది, తల్లి ఒకరే తండ్రి వేరైతే సుమారు 25, అక్కచెల్లెళ్ళ పిల్లలైతే సుమారు 12.5. మన కూతురూ అన్నయ్యా టెస్ట్ చేయించుకుంటే 12.5 దగ్గర రావాల్సింది 25 దగ్గర వస్తుంది. అయితే ఆ 25 మేనమామకీ మేనకోడలికీ మధ్యా ఉంటుంది, అమ్మమ్మకీ మనవరాలికీ మధ్యా ఉంటుంది, కాబట్టి అంకె చూడగానే ఎవరూ కెవ్వుమనరు, ముందు తికమక పడతారు. ఆ తికమకే మీకు రెండు చాప్టర్లు ఇస్తుంది.

బ్లడ్ గ్రూప్ ట్విస్ట్ గురించి ఒక మొర. తల్లీ తండ్రీ ఇద్దరూ O గ్రూప్ అయితే బిడ్డకి O గ్రూపే వస్తుంది, AB గ్రూప్ తల్లికో తండ్రికో O గ్రూప్ బిడ్డ మామూలుగా పుట్టదు, ఇంతవరకూ సరే. కానీ A గ్రూప్ తల్లి, B గ్రూప్ తండ్రి, O గ్రూప్ పిల్లాడు అని చెప్పి "వీడు మన బిడ్డ కాదు!" అని రాసిన డ్రాఫ్ట్ నేను చదివా, అది హాయిగా జరిగే విషయం. పైగా బాంబే బ్లడ్ గ్రూప్ అని చాలా అరుదైనది ఒకటుంది, 1952లో బొంబాయి డాక్టర్లే బయటపెట్టారు, మామూలు టెస్టులో O లాగా కనిపిస్తుంది గానీ పిల్లలకి A గానీ B గానీ వెళ్ళొచ్చు. అంటే ఏ పాపమూ ఎరగని భార్య మీద నింద పడే కథ కూడా ఉంది ఇక్కడ, కావాలంటే తీసుకోండి, నేనింకా రాయలేదు.

మాటలు

దాచే ఇంట్లో మాటలు ఎలా ఉంటాయంటే, ఎక్కువగా ఉంటాయి. మౌనం మౌనం అని రాస్తారు గానీ, మౌనం కన్నా కబుర్లే బాగా దాస్తాయి. ప్రతి పాత్రకీ మాట మార్చే పద్ధతి ఒకటి ఇవ్వండి. మన ఇంట్లో అమ్మ పని చెప్తుంది, బాటిల్, తలుపు, లైటు. పెద్దమ్మ నవ్వేస్తుంది, అవసరం లేని చోట. నాన్న ఫోన్లో వార్త పైకి చదువుతాడు. ఇది మూడు నాలుగు సార్లు మామూలు సందర్భాల్లో రావాలి, కరెంట్ బిల్లు గొడవలోనో పెళ్ళి సంబంధం మాటల్లోనో, అప్పుడే అసలు చోట వచ్చినప్పుడు పాఠకుడు ఉలిక్కిపడతాడు, ఎక్కడా మీరు "ఆమె మాట మార్చింది" అని రాయక్కర్లేదు. అసలు ఆ వాక్యం మీ డ్రాఫ్ట్‌లో ఎన్నిసార్లుందో వెతికి అన్నీ కొట్టేయండి.

బయటపడటం

అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఒకళ్ళ చేత చెప్పించొద్దు. అది పంచాయితీ, సీన్ కాదు. నిజంగా ఇళ్ళల్లో గుట్టు పగిలేది తప్పు మనిషి నోట్లోంచి, తప్పు టైమ్‌లో, సగం వాక్యంగా. నా దాంట్లో పెద్దమ్మకి మతిమరుపు మొదలవుతుంది, ఒకరోజు అన్నయ్య కూతుర్ని ఎత్తుకుని "అచ్చం మీ నాయనమ్మ ముక్కేనే" అంటుంది, అని చెల్లెలి వైపు చూస్తుంది. అందరికీ తెలిసినంతలో ఆ పాపకి నాయనమ్మ పెద్దమ్మే కదా. గదిలో అందరూ ఉన్నారు, ఎవరూ ఏమీ అనరు. నాన్న జేబులోంచి ఫోన్ తీస్తాడు, పైకి చదవడానికి నోరు తెరిచి, చదవడు. ఆ చదవకపోవడంతోనే అమ్మకి అర్థమైపోతుంది ఆయనకి తెలుసని. అన్నయ్యది ఒక గుట్టు పగిలింది, ఆవిడది రెండోది పగిలింది, రెండూ ఒకే నిమిషంలో. గుర్తుపట్టడం, బతుకు తలకిందులవడం రెండూ ఒకేసారి జరిగితే బాగుంటుందని అరిస్టాటిల్ అన్నాడు, ఈడిపస్ అనే గ్రీకు నాటకాన్ని ఉదాహరణగా చూపించి, అది మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది.

ఈ సీన్ చివర్లో పెట్టకండి. మూడింట రెండొంతులు అయ్యాక పెట్టండి, ఎందుకంటే తర్వాత రోజు పొద్దున్న అందరూ లేచి మొహం కడుక్కోవాలి కదా, ఆ పొద్దున్న రాయడమే కష్టం. అన్నయ్య ఫోన్లో ఆవిడ నంబర్ "పిన్ని" అని సేవ్ చేసి ఉంటుంది. ఎడిట్ నొక్కుతాడు, పేరు చెరిపేస్తాడు, ఖాళీ గడి చూస్తూ కూర్చుంటాడు, వెనక్కి నొక్కుతాడు, మళ్ళీ పిన్నే వస్తుంది. ఇలాంటి చిన్న చిన్న పనులే మిగతా 100 పేజీలు. క్షమించుకోవడాలు పెట్టకపోయినా పర్లేదు, ఎవరు ఎవరికి ఫోన్ చేయడం మానేశారు, ఎవరు కొత్తగా చేయడం మొదలుపెట్టారు, అది చాలు.

మీ ఇంటి కథే అయితే

చాలామందికి ఈ కోరిక పుట్టేదే సొంత ఇంటి నుంచి. ఇంటిగుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు. పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకుంటాం, సరిపోదు. నేను ఒక చుట్టం పేరు, వయసు, ఉద్యోగం అన్నీ మార్చేశా గానీ ఆవిడ అబద్ధం చెప్పేటప్పుడు చీర కొంగు వేలికి చుట్టుకుంటుంది, అది అలాగే ఉంచేశా ఎందుకంటే అంత బాగుంది, ఆవిడ చదివి ఆ ఒక్కటే పట్టుకుంది. ఏడాది మాట్లాడలేదు. తప్పు నాదే. మార్చాల్సింది పేరు కాదు, గుట్టే మార్చేయండి, ఆ గుట్టు వల్ల పుట్టిన భయం మాత్రం మీది వాడుకోండి, భయానికి పేటెంట్ ఎవరికీ లేదు. బతికున్నవాళ్ళ ఆరోగ్యం, పుట్టుక, పెళ్ళి విషయాలైతే వాళ్ళకి ముందే చూపించడం మంచిది, పరువు నష్టం కేసుల సంగతి పక్కన పెట్టినా.

తిరగరాసేటప్పుడు

మొత్తం ప్రింట్ తీసి, గుట్టు తెలిసిన మనిషిలా మళ్ళీ చదవండి. గుట్టు తెలిసిన పాత్ర ఉన్న ప్రతి సీన్ పక్కన రంగు పెన్నుతో గీత పెట్టండి, ఆ సీన్లో ఆ పాత్ర చెప్పిన మాటకి రెండో అర్థం ఉందా అని చూడండి. అన్ని చోట్లా ఉండక్కర్లేదు, అన్ని చోట్లా ఉంటే అతి అవుతుంది, మనుషులు గుట్టు పెట్టుకుని కూడా కూరగాయల గురించి మాట్లాడతారు. కానీ 50 పేజీల పాటు ఒక్క గీత కూడా పడకపోతే అక్కడ మీ పాత్ర దాస్తున్న సంగతి మర్చిపోయింది, అంటే మీరు మర్చిపోయారు.

చదివి పెట్టేవాళ్ళకి ఎలా ఉందో చెప్పు అని ఇవ్వకండి, బాగుంది అంటారు, దాంతో ఏం చేసుకుంటాం. పెన్సిల్ ఇచ్చి, అనుమానం వచ్చిన ప్రతి చోటా పేజీలో ఆ అనుమానం రాయమనండి, తప్పైనా సరే. తప్పు అనుమానాలే ఎక్కువ పనికొస్తాయి, వాటిలో ఒకటి మీ ప్లాట్ కన్నా బాగుంటే సిగ్గుపడకుండా తీసుకోండి.

పోయిన నెల అదే ఫ్రెండ్‌కి కొత్త డ్రాఫ్ట్ ఇచ్చా. ఈసారి 22వ పేజీలోనే కనిపెట్టింది, ఆసుపత్రి సీన్ పక్కనే "అన్నయ్యా?" అని రాసి ఉంది. రాసి, రెండు రాత్రుల్లో మిగతాదంతా చదివింది. నాన్న ఎవరి నోట విన్నాడో ఇంకా నమ్మేలా లేదు అంది, అది నిజమే, ఇప్పుడు దాని మీదే కూర్చున్నా.